రంగు దిగేదాకా కడిగిన జొన్నలు

బస్సు ఎమ్మిగనూరు దాటిన తర్వాత గానీ మల్లేశ్వరికి అనుమానం రాలేదు, ఇంటికి తాళం వేసిందా లేదా అని. వేసే ఉంటుంది. వేయకపోతే మాత్రం ఏం, గుంత తవ్వి పాతిన మగ్గాన్ని ఎవడు ఎత్తుకుపోతాడు, ఆ ఇంటికి దొంగ వచ్చినా పాపం కాసేపు కూర్చొని ఒక మాట మాట్లాడిపోతే అదే పదివేలు. ఇంత ఘోరం నెత్తిన పెట్టుకొని ఇలాంటి మాటలెట్లా వస్తాయి మనసుకు అని తనను తానే కసురుకొని, కొంగు చివర వేసిన ముడిని ఇంకోసారి తడిమి చూసుకుంది. ఉన్నాయి. పిడికెడు కూడా లేని జొన్నలు, గుడ్డలోంచి గింజ గింజగా వేళ్ళకు తగులుతున్నాయి. ఆదోని ఆసుపత్రిలో డాక్టరుకు వీటిని చూపించాలి. ఇవే సార్, దేవక్క తినింది ఇవే అని చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడానికే బస్సెక్కింది, ఎక్కేటప్పుడు మనసులో అంతే ఉండింది, ఇప్పుడేమో కిటికీలోంచి గాలి కొట్టేకొద్దీ ఆ మాట చుట్టూ వేరే మాటలు వచ్చి చేరుతున్నాయి. చెబితే నాగేంద్ర అంగడి మూతపడుతుంది, నాగేంద్ర తప్ప తనకు నా అన్నవాళ్ళు లేరు. చెప్పకపోతే దేవక్క ఏమవుతుందో తలుచుకోవడానికి కూడా ధైర్యం చాలడం లేదు.

దేవక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, ఎదురింటామె. పొలాల్లో కూలికి పోతుంది, ఈ నెలంతా పత్తి తీయడానికి పోతోంది, మొగుడు ఎన్నడో వదిలేసి పోయాడు, పిల్లలు లేరు. ఇద్దరిలో ఎవరు పెద్దో ఇద్దరికీ తెలియదు, దేవక్కకు తను ఏ సంవత్సరంలో పుట్టిందో తెలిస్తే కదా, అందుకని ఈమె ఆమెను దేవక్కా అంటుంది, ఆమె ఈమెను మల్లక్కా అంటుంది, ఎవరూ చిన్నవాళ్ళు కాకుండా ఇద్దరూ అక్కలే అయి కూర్చున్నారు. మొగుడు శంకరప్ప పోయిన తర్వాత మల్లేశ్వరి ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ చప్పుడు ఆగితే చాలు, ఎదురింట్లోంచి దేవక్క కేకేసేది, మల్లక్కా ఏం చేస్తాండావు, బతికే ఉండావా అని. ఉండా లే అని ఈమె అనేది. అదీ ఇద్దరి సంసారం. నేసేటప్పుడు దారం తెగి అతుకు పెట్టుకోవడానికి ఆగినా కేక వచ్చేది, కొన్నిసార్లు దారం తెగకపోయినా మల్లేశ్వరి ఊరికే ఆగేది, ఆ కేక కోసం. ఈ సంగతి దేవక్కకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే వింటుందో వినదో. ఛీ, అట్లా అనుకోకూడదు, బస్సులో కూర్చొని అశుభం అనుకోకూడదు.

కోటేకల్ దగ్గర ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. రోడ్డుకు రెండు పక్కలా పత్తి పగిలి ఉంది, ఒంగొని తీస్తున్న ఆడవాళ్ళ వీపులు కనిపిస్తున్నాయి, ఒక ఎర్ర రవిక చూసి దేవక్కే అనుకొని ఉలిక్కిపడింది. ఎర్ర రంగు. ఆ జొన్నలు కూడా మొదట చూసినప్పుడు ఎంత ముద్దొచ్చాయి, కుంకుమ అద్దినట్టు. శంకరప్ప బతికుంటే ఇది ఏ రంగో, ఏది ఏ పాళ్ళలో కలిపితే ఈ వన్నె వస్తుందో వేలితో రుద్ది చెప్పేవాడు. ఆయనది నూలుకు రంగులు వేసే పని. నీలం వేసిన రోజు నీలం గోళ్ళతో, ఎరుపు వేసిన రోజు ఎర్ర గోళ్ళతో అన్నం తినేవాడు, ఎంత రుద్దినా చేతులకు రంగు పోయేది కాదు, అయినా ఏనాడూ ఆయనకు కడుపు నొప్పి కూడా రాలేదు, పోయింది గుండెపోటుతో. పెళ్ళైన కొత్తలో ఆమెకు నేర్పిన మొదటి పని రంగు వేసిన నూలు చిలపలను కాలువలో జాడించడం. నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించు మల్లీ, తేటగా వచ్చినాయంటే పోవాల్సిందంతా పోయినట్టే, ఇంక దిగులు లేదు అనేవాడు. బతుకంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. నూలు విషయంలో ఆ మాట ఎప్పుడూ తప్పలేదు.

ఆ జొన్నల గోతం వానలు మొదలైన రోజుల్లో వచ్చింది. నాగేంద్ర ఆమె అక్క కొడుకు, అక్కా బావా ఇద్దరూ లేరు, ఊళ్ళోనే విత్తనాల అంగడి పెట్టుకున్నాడు, ఏడాదికోసారి పండగనాడు వచ్చి గడపలోనే నిలబడి పలకరించిపోతాడు. అట్లాంటివాడు ఆ రోజు తెల్లవారేసరికి స్కూటరు మీద గోతం వేసుకొని వచ్చాడు. "సిన్నమ్మా, దీన్ని నాలుగు దినాలు ఈడుంచు. ఆఫీసర్లు అంగళ్ళు సూసేకి వస్తాండారు. తేదీ దాటిన సరుకు కనపడితే ఊరుకోరు" అన్నాడు. అని, ఎప్పుడూ లేనిది లోపలికి వచ్చి, మగ్గం పక్కన దించి, మంచినీళ్ళు అడిగి తాగి, సిన్నాయన ఫోటో వంక చూసి పోయాడు. నాలుగు దినాలు పోయాయి, నెల పోయింది, పత్తి పూత పట్టింది. అతను రాలేదు. ఫోన్ చేసి అడగొచ్చు కదా, అడగలేదు. ఎందుకంటే అప్పటికే ఆమె మనసు తన లెక్క తను వేసుకుంది. సిన్నమ్మా, జొన్నలు తీసుకో అంటే తీసుకోదని తెలుసు వాడికి, పౌరుషం మనిషి అని తెలుసు, పెళ్ళాం హేమలత ముందు ఇయ్యడానికి మొహమాటం, అందుకని దాచిపెట్టమని సాకు చెప్పి పెట్టిపోయాడు. ఎంత తెలివైనవాడు, అచ్చం అక్క బుద్ధే. ఒక్కతే ఉన్న మనిషికి ఇట్లాంటి లెక్కలు ఎంత బాగా కుదురుతాయో. వీధిలో నలుగురికీ చెప్పింది, మా నాగేంద్ర జొన్నలు తెచ్చిపెట్టినాడు అని. దేవక్కకైతే రెండు మూడు సార్లు చెప్పింది, ఆమె విని, పోనీలే మల్లక్కా, నీకూ ఒకడుండాడు అంది. ఆ మాటకు కళ్ళు చెమర్చాయి కూడా. ఇంకా ఒక సంతోషం ఏమంటే, ఇన్ని నెలలైనా ఆ గోతంలో ఒక్క పురుగు పట్టలేదు. ఎంత మంచి జొన్నలు అనుకుంది, ముట్టుకున్న పురుగల్లా ఎందుకు చస్తోందో అనుకోవాల్సింది పోయి.

మొన్న బేసినులో పోసి కడిగింది. నీళ్ళు ఎర్రగా దిగాయి, పారబోసింది, మళ్ళీ పోసింది, గులాబీ రంగు, మళ్ళీ పోసింది, ఇంకా పలచన, చేతులతో పిసికి, జల్లెడలో వేసి జాడించి, చివరికి కాలువ నీళ్ళంత తేటగా వచ్చేదాకా కడిగింది. పోవాల్సిందంతా పోయింది. మంచం మీద గుడ్డ పరిచి ఆరబోసింది, పిండి మరకు పోయి పట్టించుకొచ్చింది. నిన్న కార్తీక సోమవారం, తనకు ఒక్కపొద్దు, దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. అయినా మధ్యాహ్నం కూలి నుంచి వచ్చిన దేవక్క కోసం వేడివేడిగా రొట్టెలు కొట్టి, వంకాయ కూర చేసి పిలిచింది. దేవక్క అరుగు మీద కాళ్ళు చాపుకొని తిన్నది, ఇంకోటి వేసుకో అంటే వేసుకుంది, మెత్తగా వచ్చినాయి మల్లక్కా అంది, ఈమెకు కడుపు నిండిపోయింది తినకుండానే. పొద్దు వాలేసరికి వాంతులు. మొదట ఎండ దెబ్బ అనుకున్నారు. తర్వాత దేవక్క చేతులు వణకడం మొదలైంది, నోట్లోంచి నురగ, కళ్ళు తేలవేసి, గోడకు ఆనుకొని అడిగింది, "యా జొన్నలు మే అవి?" అని. "నాగేంద్ర ఇచ్చినవే. ఎర్రగా ఉంటే రంగు పోయేదాకా కడిగినాలే" అంది ఈమె. దేవక్క ఆమె వైపు చూసింది. ఎన్ని చేలల్లో విత్తనం వేసిన చేతులవి, ఆమెకు తెలుసు ఆ రంగు ఎందుకు వేస్తారో, తెలిసి కూడా ఒక్క మాట తిట్టలేదు, అయ్యో అని కూడా అనలేదు, కళ్ళు మూసుకుంది. తిట్టినా బాగుండు.

ఎమ్మిగనూరు ఆసుపత్రిలో ఉండగానే నాగేంద్ర వచ్చాడు, ఎవరు చెప్పారో. వచ్చి ఈమెను పక్కకు పిలిచాడు, రంగు కడిగిన సంగతి వినగానే తల పట్టుకున్నాడు. "ఎవరు తినమన్నారు సిన్నమ్మా నిన్ను? అది విత్తనం. పురుగు రాకుండా మందు పట్టిచ్చింటారు. తినొద్దని, నూనెకు ఆడొద్దని, గొడ్లకు కూడా పెట్టొద్దని సంచి మీద రాసింటాది, పుర్రె బొమ్మ యేసింటాది." సంచి మీదనా, ఏ సంచి, నువ్వు తెచ్చింది ఉత్త గోతం కదా నాయనా అంది ఈమె. అతను నాలుక కరుచుకున్నాడు. కంపెనీ సంచులు విప్పి ఉత్త గోతంలో తిరగబోసింది వాడే, ఆఫీసర్ల కంటపడకుండా, మళ్ళీ కొత్త సంచులకెక్కించి వచ్చే వానలకు అమ్ముకుందామని. అప్పుడు అర్థమైంది ఆమెకు. దేవక్క సంగతి తర్వాత, ముందు ఇది అర్థమైంది, ఆ జొన్నలు తనకని పెట్టిపోయినవి కావు, ఎప్పుడూ కావు, మంచినీళ్ళు అడిగిందీ ఫోటో వంక చూసిందీ గోతం దాచడానికి చోటు చూసుకోవడమే. సిగ్గేసింది. దేవక్క అక్కడ ప్రాణం కోసం కొట్టుకుంటుంటే తనకు సిగ్గేయడం ఏంటని ఇంకా సిగ్గేసింది. నూట ఎనిమిది బండిలో ఆదోనికి తీసుకుపోయేటప్పుడు ఎక్కబోతే నాగేంద్ర చెయ్యి పట్టుకొని ఆపాడు, వద్దు సిన్నమ్మా, నువ్వు పోతే నోరు జారుతావు అన్నాడు. వీధిలో ఆటో తోలే గోవిందన్న ఎక్కాడు బదులు. ఈమె ఆగిపోయింది. చెయ్యి పట్టుకున్నందుకే ఆగిపోయిందేమో, ఒక మనిషి తన చెయ్యి పట్టుకొని ఎన్నాళ్ళయిందో. నాగేంద్ర ఇంటికొచ్చి గోతం ఎత్తుకుపోయాడు, మిగిలిన పిండి కూడా మూటకట్టుకొని, నేల చిమ్మి మరీ పోయాడు. మగ్గం గుంతలో చిమ్మలేదు. నేతగాళ్ళ ఇంట పుట్టినవాడైనా మగ్గం మీద కూర్చున్నవాడు కాదు, గుంతలో ఏం పడుతుందో వాడికేం తెలుసు. పొద్దున అలవాటుగా గుంతలో కాళ్ళు పెడితే పాదాల కింద గరగరలాడాయి, గోతం చిల్లులోంచి రాలినవి, ఎర్రగా.

అప్పుడే గోవిందన్న ఫోన్. "మల్లేశ్వరమ్మా, దేవక్క పోలీసాయనకు తనే మందు తాగినానని సెప్పింది. బతుకు మీద ఇసుగొచ్చి తాగినానంటాంది. ఏం మందు, డబ్బా యాడుంది అని డాక్టరు అడిగితే నోరు తెరవదు. ఏదో తెలిస్తే దానికి తగినట్టు సూస్తామని వాళ్ళు తల బాదుకుంటాండారు." ఫోన్ పెట్టేసి మల్లేశ్వరి గుంతలోని గింజలు ఒక్కొక్కటే ఏరి కొంగున ముడి వేసింది. విసుగొచ్చి తాగిందట. ఎవరు, దేవక్కనా. కూలికి పోతూ కూడా పేడ నీళ్ళు చల్లి ముగ్గు వేసి పోయే మనిషి, పండగకు గాజులు కొనిపెట్టుకున్న మనిషి. రొట్టె పెట్టింది ఎవరని పోలీసులు అడుగుతారని, మల్లక్కను స్టేషన్‌కు తీసుకుపోతారని, నాగేంద్ర ఒక్కడున్నాడు మల్లక్కకు, వాడు కూడా లేకుండా పోతాడని, ప్రాణం మీదికి తెచ్చుకొని అబద్ధమాడుతోంది. ఆ అబద్ధం నిజమైపోతే రేపు వీధిలో ఏమంటారు, మొగుడు వదిలేసింది బతకలేక చచ్చింది అంటారు. ఎంత కోపం వచ్చిందో దేవక్క మీద. ఇంత ఇష్టం ఉంటే ఎప్పుడైనా ఒక్కసారి చెప్పొచ్చు కదా, బతికే ఉండావా అని అరవడం కాకుండా.

ఆరేకల్ దగ్గర బస్సు నిలబడిపోయింది. ముందు పత్తి బండ్లు, ఆదోని యార్డుకు పోయేవి, తాళ్ళు దాటి పత్తి ఉబ్బి రోడ్డంతా కమ్మేసి, డ్రైవరు హారను మోగించీ మోగించీ మానుకున్నాడు. ఒళ్ళో ఫోను మోగింది. నాగేంద్ర.

"సిన్నమ్మా, యాడుండావు?"

"బస్సులో."

"ఆదోనికి పోతాండావా?" గొంతు మెత్తగా చేసుకొని అన్నాడు, "సూడు సిన్నమ్మా. ఆమే తాగినానంటాంది, మనమేం సెప్పమనలే కదా. నువ్వు మాట్లాడకుంటే సాలు. అంగడి పోతే నేను బజార్న పడతా. నేను హేమలతతో కూడా మాట్లాడినా. నువ్వు ఆ ఇంట్లో ఒక్కదానివే ఎందుకు, మా ఇంటికొచ్చెయ్. పై గది ఖాళీగానే ఉండాది. మగ్గం కూడా తెచ్చుకో."

మల్లేశ్వరి ఫోను చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది. ఈ మాట కోసం ఎన్ని పండగలు ఎదురుచూసింది. పై గది, కిటికీ వీధిలోకి ఉంటుంది, కింద కోడలు పాత్రలు సర్దే చప్పుడు, పిల్లలు మెట్లెక్కి వచ్చి అవ్వా అని పిలవడం, జ్వరం వస్తే ఎవరో ఒకరు తలుపు తట్టడం, రాత్రి తిన్న కంచం రెండో కంచం పక్కన బోర్లించడం. అబద్ధమని తెలిసి కూడా ఆశ పడింది, అప్పుడు గోతం చూసి ఆశ పడినట్టే. అబద్ధం కాకపోవచ్చు కూడా, భయంతో అయినా తీసుకుపోతాడేమో, భయంతో పెట్టిన అన్నం అన్నం కాదా. కొంగు ముడి విప్పి, కిటికీలోంచి చెయ్యి చాపింది. వదిలేస్తే అయిపోతుంది. కింద రోడ్డు పక్క పిచ్చుకలు రాలిన గింజలేవో ఏరుకుంటున్నాయి. చెయ్యి ఆగింది. ఎక్కడ పారేస్తుంది, ఏదో పిట్ట తింటుంది, ఏ మేకో నాకుతుంది, ఎవరి కడుపులోకీ పోకుండా వీటిని పడేసే చోటే ఈ రోడ్డు మీద లేదు. చెయ్యి లోపలికి తీసుకుంది.

"నాగేంద్రా, ఒక్కటి అడుగుతా సెప్పు. ఆ మందు పేరేంది?"

"ఎందుకు?"

"డాక్టరుకు సెప్పేకి. నీ పేరు తియ్యను, అంగడి పేరు తియ్యను. మందు పేరు ఒక్కటి సెప్పు నాయనా, ఆమె బతుకుతాది."

అవతల ఎవరో మనిషి వచ్చి విత్తనాలు అడుగుతున్నట్టు వినిపించింది, నాగేంద్ర వాళ్ళతో ఏదో అని మళ్ళీ ఫోను దగ్గర పెట్టుకున్నాడు. "పేరు సెప్తే యాడిదని అడుగుతారు సిన్నమ్మా. నీకు తెలీదు. ఇంటికి మళ్ళుకో, నేను వచ్చి పిల్సకపోతా" అన్నాడు. ఆమె ఫోను కట్ చేసింది. ఫోను సంచిలో వేసుకుంది, జొన్నలను మళ్ళీ ముడివేసింది, ఈసారి రెండు ముళ్ళు. వాడు పేరు చెప్పి ఉంటే వాడి అంగడిని గుండెల్లో పెట్టుకొని దాచేది, ఒట్టేసి మరీ దాచేది. అక్క కొడుకు కదా. ఏడుపొచ్చింది గానీ పక్కామె చూస్తోందని ముక్కు తుడుచుకుంది. పత్తి బండ్లు కదిలాయి, బస్సు కదిలింది, దూరంగా ఆదోని కొండ బండలు ఎండలో తెల్లగా కనిపించాయి, ఎప్పుడొచ్చినా ఈ కొండను చూసి శంకరప్ప ఏదో ఒక జోకు వేసేవాడు, ఏం వేసేవాడో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ఆయన గొంతు కూడా ఈ మధ్య సరిగా గుర్తు రావడం లేదు. దేవక్క కేక మాత్రం చెవిలోనే ఉంది, రేపు మగ్గం ఆగితే ఆ వీధిలో ఏ చప్పుడూ ఉండదు, ఆ నిశ్శబ్దం తలుచుకుంటే బస్సు ఇంత మెల్లగా పోతుందేమని డ్రైవరు మీద కోపం వచ్చింది.

ఆసుపత్రిలో ఏ గదో వెతుక్కోనక్కరలేకుండానే గోవిందన్న వరండాలో కనిపించాడు, రాత్రంతా నిద్ర లేని మొహంతో లోపలికి చెయ్యి చూపించాడు. వార్డు తలుపు దగ్గర నర్సమ్మ అడ్డంగా నిలబడింది, పక్కన కుర్చీలో పోలీసాయన టీ తాగుతున్నాడు. అందరినీ పంపించమమ్మా, సొంత మనుషులైతేనే అంది నర్సమ్మ, దేవక్కకు ఏమవుతావు అని అడిగింది. లోపల మంచం మీద దేవక్క, ముక్కులో గొట్టం, చెయ్యి కడ్డీకి కట్టేసి, ఒక్క రాత్రికే పిల్లంత అయిపోయి ఉంది.

"ఆమె తినిన రొట్టె సేసింది నేనమ్మా" అంది మల్లేశ్వరి. అని, ముడి విప్పి జొన్నలు బల్ల మీద పోసింది. కొన్ని కింద పడ్డాయి, వంగి ఏరి అవి కూడా పెట్టింది. "ఆమె ఏ మందూ తాగలే. ఇవి మందు పట్టిచ్చిన విత్తనాలంట, నాకు తెలీక కడిగి పిండి పట్టిచ్చినా. మా అక్క కొడుకు నాగేంద్రవి. ఎమ్మిగనూర్లో అంగడి. మందు పేరు వానికి తెలుసు, అడిగితే నాకు సెప్పలే. మీరు అడగండి." ఫోను తీసి పోలీసాయన చేతిలో పెట్టింది. అది ఆయన చేతిలోనే మళ్ళీ మోగింది. నర్సమ్మ జొన్నలను కాగితంలో పొట్లం కట్టుకొని డాక్టరు గది వైపు పరుగెత్తింది, పోలీసాయన టీ గ్లాసు కింద పెట్టి ఫోను ఎత్తాడు, తలుపు దగ్గర ఎవరూ లేకపోయేసరికి మల్లేశ్వరి లోపలికి పోయి మంచం పక్కన నిలబడింది. దేవక్క కళ్ళు తెరిచే ఉంది, అంతా విన్నది.

"ఎందుకు సెప్పినావు మల్లక్కా" అంది, గాలి తప్ప గొంతు లేని గొంతుతో. "ఇప్పుడు నీకెవరుంటారు?"

మల్లేశ్వరి ఆమె కాళ్ళ మీద దుప్పటి సర్దింది. సర్దిన దుప్పటినే మళ్ళీ సర్దింది.

"ముందు నువ్వు బతుకు" అంది.